బ్రెయిన్ ట్యూమర్ ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టులో ఏం చూడాలి, డాక్టర్‌ని ఏం అడగాలి

తలకి ఆపరేషన్ అయి, కుట్లు కూడా విప్పకముందే ఇంటివాళ్ల చేతిలో ఒక కాగితం పెడతారు. అందులో ‘హై గ్రేడ్ గ్లయోమా’ అనో, ‘గ్లయోబ్లాస్టోమా, గ్రేడ్ 4’ అనో ఉంటుంది. గ్లయోమా అంటే మెదడు నరాలకి ఆసరాగా ఉండే కణాల్లో పుట్టే గడ్డ, గ్రేడ్ అంటే అది ఎంత దూకుడుదో చెప్పే అంకె, 4 అన్నిటికంటే ఎక్కువ. ఆ రాత్రే నెట్‌లో వెతికి, ఎన్ని నెలలో లెక్కలేసుకుని, తెల్లారేసరికి రేడియేషన్ ఎక్కడ ఇప్పించాలా అని పరుగు మొదలుపెడతారు. ఆ పరుగుకి ముందు ఒక్కటి చూడండి: ఆ కాగితంలో ఐడీహెచ్ (IDH, ఒక జన్యువు పేరు) అన్న మాట ఎక్కడైనా ఉందా? లేకపోతే మీ చేతిలో ఉన్నది సగం రిపోర్టే. ఏ మందు వాడాలి, రేడియేషన్ ఎంత, అసలు ఇప్పుడే అవసరమా అన్నవి మిగతా సగం వచ్చాకే తేలతాయి.

నేను నెల్లూరులో ఒక పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. ఆపరేషన్‌లో తీసిన ముక్కని మైనంలో బిగించి, పల్చగా కోసి, స్లైడు మీదకెక్కించే పని నాది. డాక్టర్‌ని కాదు కాబట్టి ఎవరికి ఏ ట్రీట్‌మెంట్ ఇవ్వాలో నేను చెప్పను, అది మీ ఆంకాలజిస్టు నిర్ణయం. కానీ ఆ నిర్ణయానికి కావాల్సిన టెస్టులు సరైన టైములో జరిగాయా, ముక్క ఎక్కడుంది, రిపోర్టు ఎవరి దగ్గర ఆగింది అనే తిరుగుడంతా మన ఊళ్లలో పేషెంటు వెంట ఉండే మనిషి మీదే పడుతుంది. ఇది ఆ మనిషి కోసం రాస్తున్నాను.

పేరెందుకు అంత ముఖ్యం

పాతరోజుల్లో మైక్రోస్కోప్ కింద కణాలు ఎలా కనిపిస్తే దాన్నిబట్టే గడ్డకి పేరు పెట్టేవాళ్లు. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరు ఏడాదిలో పోవడం, ఇంకొకరు పదేళ్లు బతకడం జరిగేది, ఎందుకో అర్థమయ్యేది కాదు. నారుమడిలో ఏ వరైనా పచ్చగా ఒకేలా కనిపిస్తుంది, రకం తెలియకుండా ఎన్నాళ్లకి కోతకొస్తుందో ఏ రైతూ చెప్పలేడు, ఇదీ అలాంటిదే. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు గడ్డల పేర్లలోకి మొదటిసారి జన్యు మార్పుల్ని తెచ్చింది, 2021లో ఇంకా గట్టిగా మార్చింది. ఇప్పుడు పెద్దవాళ్లలో గ్లయోబ్లాస్టోమా అనాలంటే ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉండకూడదు. మార్పు ఉంటే, చూడటానికి ఎంత భయంకరంగా ఉన్నా దాని పేరు ‘ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్ మ్యుటెంట్, గ్రేడ్ 4’. రెండూ గ్రేడ్ 4లే అయినా నడక వేరు, రెండోదాంట్లో మనిషికి సాధారణంగా ఎక్కువ కాలం దొరుకుతుంది. నెట్‌లో కనిపించే లెక్కల్లో చాలావరకు పాత పేర్లతో వేసినవి. రకం తెలియకుండా వాటిని చూసి గుండె పగలగొట్టుకోవద్దు.

ముందు ముక్క సంగతి

ఆపరేషన్ ఇంకా కాలేదంటే మీ అదృష్టం, ఇప్పుడే సర్జన్‌ని అడగండి: “సార్, ముక్కని ఐడీహెచ్, ఎంజీఎంటీ టెస్టులకి కూడా పంపిస్తారా, సరిపడా తీస్తారా?” అని. (ఎంజీఎంటీ ఇంకో జన్యువు, దాని సంగతి కింద చెప్తాను.) కొన్ని ఆస్పత్రుల్లో ముక్కని సీసాలో వేసి పేషెంటు వెంట ఉన్నవాళ్ల చేతికే ఇస్తారు, బయట ల్యాబులో ఇచ్చి రమ్మని. అలా మీ చేతికొస్తే ఆ సీసాలో ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) పోశారా అని అడగండి. ఘాటు వాసన, కళ్లు మండుతాయి, మూత తీసి చూడక్కర్లేదు, అడిగితే చాలు. సెలైన్‌లో వేసి ఇస్తే గంటల్లో ముక్క పాడవడం మొదలవుతుంది, ఆ తర్వాత ఎంత పెద్ద ల్యాబుకి పంపినా జన్యు టెస్టు సరిగా రాదు. (అప్పటికప్పుడు ఆపరేషన్ మధ్యలో చూసే ఫ్రోజెన్ సెక్షన్‌కి మాత్రం ఫార్మలిన్ లేకుండానే పంపుతారు, దాన్ని చూసి గాభరా పడొద్దు.) సీసా మీద పేరు, ఐపీ నంబరు, తీసిన టైము ఉండాలి. దాన్ని బ్యాగులో వేసుకుని టీకి ఆగి, ఇంకో పని చూసుకుని సాయంత్రానికి ఇవ్వకండి, నేరుగా ల్యాబుకి రండి.

ఆపరేషన్ అయిపోయి ఉంటే అడగాల్సింది బ్లాక్. ఇది చాలామంది చూసి ఉండరు. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీ, దాని మీద గట్టిపడ్డ తెల్ల మైనం, మైనం మధ్యలో గోధుమ రంగులో మీ మనిషి ముక్క. అంచు మీద పెన్సిలుతో రాసిన నంబరు ఉంటుంది, పెన్ను అయితే ల్యాబులో వాడే ద్రవాలకి చెరిగిపోతుందని పెన్సిలే వాడతాం. ఆ నంబరు రిపోర్టు మీది నంబరుతో కలవాలి, కలిసిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. ఒక్కో పేషెంటుకి నాలుగైదు బ్లాకులు కూడా ఉంటాయి. వాటిలో చచ్చిపోయిన కణాలే ఉన్న బ్లాకు పంపితే టెస్టు ఫెయిలవుతుంది, డబ్బు పోతుంది, రెండు మూడు వారాలు పోతాయి. అందుకని “జన్యు టెస్టుకి పంపాలి, కణాలు బాగున్న బ్లాకు పాథాలజిస్టు మేడంతో చూపించి ఇవ్వండి” అని చెప్పి తీసుకోండి.

కావలి నుంచి వచ్చిన ఒకామె కౌంటరు దగ్గర నిలబడి, “అన్నా, రిపోర్ట్ ఇచ్చినారు గదా, ఇంక మీ దగ్గర ఏముంటది?” అని అడిగింది. రిపోర్టు మాత్రమే తనది, ముక్క ల్యాబుది అనుకుంటోంది. అలా అనుకోకండి. పేషెంటు తరఫున సెకండ్ ఒపీనియన్‌కి బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోవచ్చు. ఒక అర్జీ, ఐడీ కార్డు జిరాక్సు, రిజిస్టర్‌లో సంతకం, మామూలుగా ఇంతే. బ్లాకుతో పాటు రంగు వేసిన స్లైడ్లు, రిపోర్టు కాపీ, ఆపరేషన్ నోట్సు, ఆపరేషన్‌కి ముందు తీసిన ఎంఆర్ఐ సీడీ కూడా తీసుకోండి. ఎంఆర్ఐ లేకుండా గడ్డ ఎక్కడుందో తెలియదు, అది తెలియకపోతే పాథాలజిస్టుకి సగం చెయ్యి కట్టేసినట్టే.

మన ఎండల్లో బ్లాకుని కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు. అది మైనం. చిన్న డబ్బాలో దూది పెట్టి, నీడన పెట్టుకుని తీసుకెళ్లండి. ఫ్రిజ్జు, ఐసు అవసరం లేదు. ఇంకోటి, బ్లాకు వెళ్తే చాలు, కుట్లు ఆరని పేషెంటుని వెంట తిప్పక్కర్లేదు. చెన్నై వెళ్లే పినాకిని రైల్లో ఒక మనిషి పొద్దున వెళ్లి ఇచ్చేసి రావచ్చు, పెద్ద ల్యాబులైతే కొరియర్‌లో కూడా తీసుకుంటాయి.

రిపోర్టు ఏ వరసలో చదవాలి

పెద్దవాళ్ల సంగతి ముందు చెప్తాను. మొదటిది ఐడీహెచ్. ‘ఐడీహెచ్1 ఆర్132హెచ్ పాజిటివ్’ అని ఉంటే మార్పు ఉన్నట్టు. ఇది ఐహెచ్‌సీ అనే రంగు టెస్టుతో వస్తుంది, ఖర్చు తక్కువ, కొన్ని రోజుల్లో తేలిపోతుంది. నెగటివ్ అని వస్తే మాత్రం వయసు చూడండి. ఆ రంగు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఒక్క మార్పునే పట్టుకుంటుంది, గ్లయోమాల్లో పదింట తొమ్మిది ఐడీహెచ్ మార్పులు అదే, మిగతా ఒకటి దానికి దొరకదు. అందుకే పేషెంటుకి 55 ఏళ్ల లోపు ఉండి రంగు టెస్టు నెగటివ్ వస్తే, సీక్వెన్సింగ్, అంటే జన్యువుని అక్షరం అక్షరం చదివే టెస్టు, చేసి చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ముప్పై ఐదేళ్ల మనిషికి ఒక్క రంగు టెస్టు చూసి ‘గ్లయోబ్లాస్టోమా’ అని ముద్ర వేసేస్తే ఒప్పుకోవద్దు, “సీక్వెన్సింగ్ చేయిద్దామా సార్” అని మర్యాదగానే, కానీ గట్టిగా అడగండి.

ఐడీహెచ్ మార్పు ఉందని తేలితే తర్వాత చూడాల్సినవి ఏటీఆర్ఎక్స్ (ఇంకో జన్యువు), 1పి/19క్యూ (రెండు క్రోమోజోముల ముక్కలు). ‘ఏటీఆర్ఎక్స్ లాస్’ అంటే అది ఆస్ట్రోసైటోమా. ఏటీఆర్ఎక్స్ పోకుండా ఉంటే 1పి/19క్యూ టెస్టు తప్పనిసరి, దీన్ని ఎక్కువగా ఫిష్ అనే పద్ధతిలో చేస్తారు. ఒకటో క్రోమోజోము పి కొమ్మ, పంతొమ్మిదో దాని క్యూ కొమ్మ రెండూ పోయి ఉంటే ‘కోడిలీటెడ్’ అంటారు, అప్పుడది ఒలిగోడెండ్రోగ్లయోమా. ఈ పేరొస్తే ట్రీట్‌మెంట్ మాటే మారిపోతుంది. గ్రేడ్ 3 ఒలిగోలో రేడియేషన్‌కి పీసీవీ కీమో, అంటే ప్రొకార్బజిన్, లోమస్టిన్, విన్‌క్రిస్టిన్, కలిపి ఇచ్చిన అమెరికా ట్రయల్ ఫలితాలు 2013లో వచ్చాయి. కోడిలీషన్ ఉన్నవాళ్లలో ఉత్త రేడియేషన్ తీసుకున్నవాళ్ల సగటు ఆయుష్షు 7.3 ఏళ్లు, పీసీవీ కూడా తీసుకున్నవాళ్లది 14.7 ఏళ్లు. నెలలు కాదు, ఏళ్లు. ఒక ఫిష్ టెస్టు చేయించకపోతే ఈ తేడా ఎవరికీ తెలియకుండానే చేజారిపోతుంది, నేను ఇంత పట్టుబట్టి రాస్తున్నది అందుకే.

ఆస్ట్రోసైటోమా అయితే సీడీకేఎన్2ఏ/బీ అడగండి. ఆ జన్యువు రెండు కాపీలూ పోయి ఉంటే మైక్రోస్కోప్ కింద గ్రేడ్ 2లా, 3లా కనిపించినా గ్రేడ్ 4గానే లెక్క. దీనికి ఉల్టా ఇంకొకటుంది. అరవై ఏళ్ల మనిషికి ‘గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్ వైల్డ్ టైప్’ అని వస్తుంది. వైల్డ్ టైప్ అంటే మార్పు లేదని. గ్రేడ్ 2 అనగానే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. అక్కడ ఆగకూడదు. టెర్ట్ అనే జన్యువు ప్రమోటర్‌లో (దాన్ని నడిపించే భాగంలో) మార్పు, ఈజీఎఫ్ఆర్ జన్యువు కాపీలు ఎక్కువ కావడం, ఏడో క్రోమోజోము పెరిగి పదోది తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది గ్లయోబ్లాస్టోమానే, ట్రీట్‌మెంట్ కూడా అలాగే మొదలుపెడతారు. ‘చిన్నదే కదా, ఆర్నెల్ల తర్వాత స్కాన్ చూద్దాం’ అని కూర్చుంటే నష్టం.

ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడ్ 2 గడ్డ, అది ఆస్ట్రో అయినా ఒలిగో అయినా, ఆపరేషన్‌లో బాగా తీసేయగలిగితే వెంటనే కరెంటు (రేడియేషన్) పెట్టించకుండా ఆగి చూసే దారి కూడా ఉంది. ఇప్పుడు దానికో మాత్ర వచ్చింది, వొరాసిడెనిబ్. మారిపోయిన ఐడీహెచ్ ఎంజైమునే అడ్డుకుంటుంది. 2023లో వచ్చిన ట్రయల్‌లో ఇది వాడినవాళ్లలో గడ్డ ముదరకుండా ఉన్న సగటు కాలం 27.7 నెలలు, వాడనివాళ్లలో 11.1 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా దీన్ని 12 ఏళ్లు దాటినవాళ్లకి ఆమోదించింది. మనకి ఎలా దొరుకుతుంది, ఎంతవుతుంది అన్నది మీ ఆంకాలజిస్టునే అడగండి. కానీ ఐడీహెచ్ రిపోర్టు లేకుండా ఆ ప్రశ్న అడగడానికే ఉండదు.

ఎంజీఎంటీ: మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న

గ్లయోబ్లాస్టోమాకి 2005 నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది: ఆరు వారాలు, 30 సిట్టింగుల్లో 60 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్, దాంతో పాటు రోజూ టెమొజొలొమైడ్ అనే కీమో క్యాప్సూల్, ఆ తర్వాత నెలకి ఐదు రోజుల చొప్పున ఆరు సైకిళ్లు. ఈ మందు గడ్డ కణాల డీఎన్ఏని దెబ్బతీస్తుంది. ఎంజీఎంటీ అనే జన్యువు ఆ దెబ్బని బాగుచేస్తుంది. ఆ జన్యువు మూతపడి ఉంటే, రిపోర్టులో ‘మెథిలేటెడ్’ అని రాస్తారు, మందు బాగా పనిచేస్తుంది. ‘అన్‌మెథిలేటెడ్’ అయితే గడ్డ తన్ను తాను బాగుచేసుకుంటూ పోతుంది. అదే 2005 లెక్కల్లో మెథిలేటెడ్ వాళ్లకి రేడియేషన్‌తో మందు కలిపితే సగటున 21.7 నెలలు, అన్‌మెథిలేటెడ్ వాళ్లకి 12.7 నెలలు. పేర్లు మాత్రం తిరకాసుగా ఉంటాయి: ఇక్కడ మెథిలేటెడ్ అంటే మంచి వార్త, పాజిటివ్ అనగానే హడలిపోయే అలవాటు పక్కన పెట్టండి.

డెబ్బై దాటిన పెద్దవాళ్ల దగ్గర ఈ టెస్టు ఇంకా విలువైనది. ఆరు వారాలు రోజూ చెన్నైలో గది తీసుకుని ఉండలేని నాన్నలు, పెద్దమ్మలు మన ఇళ్లలో ఎంతమంది. పెద్ద వయసువాళ్లకి మూడు వారాల్లో 15 సిట్టింగులతో, 40 గ్రేతో ముగించే రేడియేషన్ ఉంది, ఓపిక ఉంటే దాంతో టెమొజొలొమైడ్ కలుపుతారు. అంత ఓపిక కూడా లేకపోతే మెథిలేటెడ్ వాళ్లకి ఉత్త క్యాప్సూళ్లు, అన్‌మెథిలేటెడ్ వాళ్లకి ఉత్త చిన్న కోర్సు రేడియేషన్ అనే దారి కూడా 2012లో వచ్చిన యూరప్ ట్రయల్స్ చూపించాయి. అంటే ఆ ఒక్క రిపోర్టు వల్ల ఒక పెద్దాయన ఇంట్లోనే ఉండి మందు మింగొచ్చా, కరెంటుకి వెళ్లాలా అన్నది తేలుతుంది. ‘వయసైపోయింది, టెస్టులెందుకులే’ అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

పిల్లల విషయం వేరే

పిల్లల గడ్డలు పెద్దవాళ్లవాటిలాంటివి కావు, పిల్లల క్యాన్సర్ చూసే సెంటరుకే వెళ్లండి. మూడు మాటలు గుర్తుంచుకోండి. బీరాఫ్ జన్యువులో రెండు రకాల తేడాలొస్తాయి. వీ600ఈ అనే మార్పైతే డబ్రాఫెనిబ్, ట్రమెటినిబ్ జంట మందులు పనిచేస్తాయి. ఫ్యూజన్ (ఆ జన్యువు ఇంకో జన్యువుతో అతుక్కుపోవడం) అయితే ఒంటరిగా ఇచ్చిన డబ్రాఫెనిబ్ లాంటి మందు గడ్డని ఇంకా రెచ్చగొట్టొచ్చు, దానికి మందులు వేరు. కాబట్టి ‘బీరాఫ్ ఉంది’ అంటే చాలదు, ఏ రకమో రాయించుకోండి. మెదడు కాండంలో, నడి భాగంలో వచ్చే గడ్డకి హెచ్3 కె27 అనే మార్పు ఉందేమో చూస్తారు. ఉంటే అది కఠినమైన రకం, గ్రేడ్ 4, ప్రధాన ట్రీట్‌మెంట్ రేడియేషనే. తిరగబెట్టినవాళ్లకి డోర్డావిప్రోన్ అనే మందుని 2025 ఆగస్టులో అమెరికా ఆమోదించింది. మెడులోబ్లాస్టోమా అనే చిన్నమెదడు గడ్డలో నాలుగు గుంపులున్నాయి. డబ్ల్యూఎన్‌టీ గుంపు పిల్లల్లో చాలామంది బాగైపోతారు, ఎస్‌హెచ్‌హెచ్ గుంపులో టీపీ53 మార్పు ఉంటే గట్టి ట్రీట్‌మెంట్ కావాలి, ఇంట్లోవాళ్లకి కూడా జెనెటిక్ కౌన్సెలింగ్ చేయించాలి.

ఎక్కడ, ఎంత, ఎప్పటిలోగా

నెల్లూరు వైపువాళ్లు చెన్నై, వేలూరు, తిరుపతి చూసుకుంటారు, ఒంగోలు, సింగరాయకొండ వైపువాళ్లు గుంటూరు, హైదరాబాద్ కూడా. తిరుపతిలో టాటా ట్రస్ట్స్ సాయంతో 2022లో మొదలైన క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, వేలూరులో సీఎంసీ, చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లో నిమ్స్, బెంగళూరులో నిమ్‌హాన్స్. మెదడు గడ్డలు రోజూ చూసే న్యూరోపాథాలజిస్టు ఉన్నచోటికి స్లైడ్లు వెళ్లడమే ముఖ్యం, బిల్డింగు పెద్దదా చిన్నదా కాదు.

ఖర్చు సంగతి: రంగు టెస్టులు చవక, ఫిష్, ఎంజీఎంటీ వేలల్లో, వందల జన్యువుల్ని ఒకేసారి చూసే ఎన్‌జీఎస్ పదివేలల్లో. అందరికీ ఎన్‌జీఎస్ అక్కర్లేదు. రంగు టెస్టుతో ఐడీహెచ్ పాజిటివ్ వచ్చి ఏటీఆర్ఎక్స్ పోయిందంటే పేరు తేలినట్టే, మిగిలేది గ్రేడ్ కోసం సీడీకేఎన్. డబ్బు ఇబ్బందైతే “ఈ టెస్టు ఫలితం ఎలా వస్తే ట్రీట్‌మెంట్ మారుతుంది సార్?” అని అడగండి. ‘ఎలా వచ్చినా ఇదే మందు’ అంటే ఆ టెస్టు ఆపుకోవచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఆపరేషన్, రేడియేషన్ చేయించుకుంటున్నవాళ్లు ఈ టెస్టు ప్యాకేజీలో ఉందా లేదా అని వైద్యమిత్ర డెస్కులో ముందే అడిగి, ఆ తర్వాతే బయట డబ్బు కట్టండి. రక్తం తీసి, ఉమ్మి తీసి ‘ట్యూమర్ జీన్ టెస్ట్’ అని ప్యాకేజీలు అమ్మేవాళ్లుంటారు. గడ్డ పేరు తేల్చేది గడ్డ ముక్కే.

టైము గురించి టెన్షన్ వద్దు, బద్ధకమూ వద్దు. గ్లయోబ్లాస్టోమాకి ఆపరేషన్ తర్వాత మామూలుగా మూడు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలుపెడతారు. గాయం మానే ఆ రోజుల్లోనే టెస్టులన్నీ నడిచిపోవాలి. అందుకే డిశ్చార్జి రోజే బ్లాకు కదలాలి. ఎన్‌జీఎస్ రావడానికి వారాలు పడితే, దానికోసం గ్రేడ్ 4 పేషెంటుకి రేడియేషన్ ఆపుకుని కూర్చోకూడదు, డాక్టర్ మొదలుపెట్టమంటే మొదలుపెట్టండి.

ఇంకో మాట. ‘జన్యు మార్పు’ అని రిపోర్టులో చూడగానే ఇంట్లో ఆడపిల్లకి సంబంధాలు ఎలా కుదురుతాయి, తమ్ముడికి కూడా వస్తుందా అన్న భయం మొదలవుతుంది. ఐడీహెచ్ లాంటి ఈ మార్పులు ఆ గడ్డ కణాల్లో పుట్టినవి, తల్లిదండ్రుల నుంచి వచ్చేవి కావు, పిల్లలకి పోయేవీ కావు. పిల్లల గడ్డల దగ్గర చెప్పిన టీపీ53 మార్పు, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు చాలా ఉండటం, ఒకే ఇంట్లో చిన్న వయసులోనే నలుగురికి రకరకాల క్యాన్సర్లు రావడం లాంటివి ఉంటే అది వేరే సంగతి, డాక్టర్‌కి చెప్పండి.

రేడియేషన్ అయ్యాక మొదటి మూడు నెలల్లో తీసిన ఎంఆర్ఐలో గడ్డ పెరిగినట్టు కనిపించొచ్చు. అది ట్రీట్‌మెంట్ వల్ల వచ్చిన వాపు కావచ్చు, ఎంజీఎంటీ మెథిలేటెడ్ వాళ్లలో ఇలా ఎక్కువ జరుగుతుంది. ఆ స్కాన్ చూసేవాళ్ల చేతిలో ఎంజీఎంటీ రిపోర్టు కూడా పెట్టండి, మందు మార్చేముందు పర్‌ఫ్యూజన్ స్కాన్ (గడ్డకి రక్తం ఎంత పారుతోందో చూసేది) గానీ, కొన్ని వారాలాగి ఇంకో ఎంఆర్ఐ గానీ తీద్దామా అని అడగండి. నిజంగానే తిరగబెట్టి రెండో ఆపరేషన్ చేస్తే ఆ కొత్త ముక్కకి కూడా టెస్టులు చేయించాలి, గడ్డ మధ్యలో మారి ఉండొచ్చు. అప్పుడు పోల్చి చూడటానికి పాత బ్లాకు కావాలి, కాబట్టి మొదటిసారి తీసుకెళ్లినదాన్ని పని అయిపోగానే మళ్లీ ల్యాబులో ఇచ్చేసి రసీదు దగ్గర పెట్టుకోండి.